తీరని మెడనొప్పి – చేతి చికిత్స, వ్యాయామ చికిత్స

కాడి రాచుకొని ఎద్దు మెడ వాచినచో రైతు ఆ దినము నాగలి కట్టడు. కాడిని సరిచేయును, వాపు తగ్గువరకు ఎద్దుకు విశ్రాంతి నిచ్చును, అవసరమైనచో పశువైద్యుని పిలుచును. కాని తన మెడ పట్టుకొని నెలలు గడచినను పట్టించుకొనడు. మందుల దుకాణములో రెండు బిళ్లలు కొని మ్రింగి మరల పనిలో దిగును. లేదా క్షవరమునకు పోయినప్పుడు మెడ విరిపించుకొని వచ్చును. ఎద్దు విషయమున చూపిన వివేకము తన విషయమున చూపడు.

నంద్యాలలో 1906వ సంవత్సరమున వ్యవసాయ పరిశోధనా స్థానము ఏర్పడినది మొదలు ఈ ప్రాంతపు రైతులు విత్తనమును గూర్చి, నేలను గూర్చి, చీడపీడలను గూర్చి ఎన్నో సంగతులు తెలిసికొనిరి. ఆ విత్తనము వేయు మనిషి శరీరమును గూర్చి తెలిసికొనుటయు వ్యవసాయములో భాగమే. మూడు నెలలకు మించి నిలిచిన మెడనొప్పికి చేతి చికిత్స ఎంతవరకు పనిచేయును, వ్యాయామము ఎంతవరకు పనిచేయును, ఏది ప్రమాదకరము అను సంగతులు ఈ పాఠములో వివరింపబడుచున్నవి.

మెడ నిర్మాణము

మెడలో ఏడు పూసలు గలవు. పూసకు పూసకు నడుమ మెత్తని బిళ్ల వంటి పదార్థము ఉండును. దీనినే వైద్యులు డిస్కు అందురు. పూసల నడిమి కాలువ గుండా వెన్నుపాము దిగుచుండును. దాని నుండి ఇరుప్రక్కల నరములు బయలుదేరి భుజములకు, చేతులకు, వ్రేళ్లకు పోవును. మెదడుకు రక్తము తీసికొనిపోవు నాళములలో రెండు ఈ పూసల ప్రక్క రంధ్రముల గుండానే పైకి పోవుచున్నవి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. మెడ విరిపించుకొనుటను గూర్చి చెప్పునప్పుడు దీని అవసరము కలుగును.

తల బరువు సుమారు అయిదు కిలోలు. తల నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువు పూసల మీద నిలుచును. తల ముందుకు వంగినకొలది మెడ వెనుకనున్న కండరములు దానిని పట్టి యుంచవలసి వచ్చును. నీళ్ల బిందెను ఒడిలో పెట్టుకొనుటకును, చేయి చాచి పట్టుకొనుటకును ఎంత భేదము గలదో దీనికిని అంత భేదము గలదు. గంటల తరబడి అట్లు పట్టియుంచిన కండరములు అలసి బిగిసిపోవును. ఆ బిగువే కొంతకాలమునకు తీరని నొప్పిగా మారును.

మన ప్రాంతపు పనులలో కారణములు

కె.సి. కాలువ క్రింద వరి నాట్లు వేయు స్త్రీలు పగలెల్ల నడుము, మెడ వంచియే యుందురు. నల్లరేగడిలో శనగ కలుపు తీయుట, మిరపకాయలు కోయుట, ప్రత్తి తీయుట కూడ ఇట్టివే. మందు చల్లు యంత్రము పదునారు లీటర్లు నిండుగా పోసినచో వీపు మీద సుమారు ఇరువది కిలోల బరువు పడును. ఒక్క పట్టీతో ఒక భుజమున వ్రేలాడదీసికొన్నచో ఆ ప్రక్క మెడ లాగును. యూరియా సంచి నలుబదియైదు కిలోలు. దానిని తలపై పెట్టుకొని గట్ల మీద నడచువారికి ఆ భారమంతయు మెడపూసల మీదనే పడును. ట్రాక్టరు తోలువారు ముందుకు నడుపుచు, వెనుక గొర్రును చూచుటకు మాటిమాటికి మెడ త్రిప్పుదురు. బండి కుదుపు దీనికి తోడగును.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహములు చెక్కు శిల్పులకు కూడ ఈ బాధ తప్పదు. నేలపై కూర్చుండి, రాతిపైకి వంగి, ఉలిపై చూపు నిలిపి పనిచేయుట వలన మెడ కదలకుండ ఉండిపోవును. పొలము పనియైనను, శిల్పము పనియైనను మెడకు జరుగు హాని ఒక్కటే.

పగటి పనికి తోడు రాత్రి పడుకొని చేతిలోని ఫోను వైపు మెడ వంచి చూచు అలవాటు ఇప్పుడు పల్లెలలోను వచ్చినది. దినమంతయు వంగిన మెడకు రాత్రియు విశ్రాంతి లేకపోవుచున్నది.

ముందుగా గుర్తింపవలసిన ప్రమాద చిహ్నములు

ప్రక్కకు తిరిగి పడుకొనుట వలననో, ఒకనాటి అధిక శ్రమ వలననో పట్టిన మెడ చాలవరకు కొన్ని వారములలో తనంతట తగ్గును. మూడు నెలలు దాటిన నొప్పికి చికిత్స అవసరము. అయితే ఏ చికిత్సకైనను ముందు ఈ దిగువ చిహ్నములు ఉన్నవేమో చూచుకొనవలెను.

1. చేతి పట్టు తగ్గుట, చొక్కా గుండీలు పెట్టుకొనలేకపోవుట, విత్తన గింజలను వ్రేళ్లతో ఏరలేకపోవుట.
2. నడకలో తూలుట, కాళ్లు బరువెక్కుట, మూత్రము గాని మలము గాని స్వాధీనములో లేకపోవుట.
3. జ్వరము, బరువు తగ్గుట, రాత్రివేళ పడుకొన్నను తగ్గని నొప్పి.
4. చెట్టు మీద నుండియో, బండి మీద నుండియో పడిన తరువాత వచ్చిన నొప్పి.
5. మెడ, దవడ, ఎడమ చేయి లాగుచు, రొమ్ము బరువెక్కి చెమటలు పోయుట. ఇది గుండె జబ్బు కావచ్చును.

మొదటి రెండు చిహ్నములు వెన్నుపాము నొక్కుకొనుచున్నదని తెలుపవచ్చును. ఇట్టివారు మర్దనలతో కాలము గడపిన యెడల చేతులు కాళ్లు శాశ్వతముగా చెడును. మూడవది క్షయ మొదలగు జబ్బులకు గుర్తు కావచ్చును. పై వానిలో ఏ ఒక్కటి యున్నను మెడపై ఎవరిని చేయి వేయనీయక, వెంటనే వైద్యుని వద్దకు పోవలెను.

చేతి చికిత్స యనగా నేమి?

చదువుకొన్న ఫిజియోథెరపిస్టు చేతులతో చేయు చికిత్సయే చేతి చికిత్స. ఆయన మొదట మిమ్ము ప్రశ్నించును. నొప్పి ఎప్పుడు మొదలైనది, ఏ పనిలో హెచ్చును, చేతిలోనికి దిగుచున్నదా, తిమ్మిరి గలదా యని అడుగును. మెడను మీచేతనే నాలుగు వైపుల త్రిప్పించి చూచును. చేతుల బలము, స్పర్శ, నరముల పనితీరు పరీక్షించును. ఇవి యేమియు చేయకుండ మెడ పట్టుకొనువాడు ఎంతటి పేరుగలవాడైనను మీకు పనికిరాడు.

తరువాత వ్రేళ్లతో ఒక్కొక్క పూస ప్రక్కను మెల్లగా, కొద్దికొద్దిగా కదలించును. బిగిసిన కండరములను ఒత్తి సడలించును. కొందరికి రెండు రెక్కల నడుమనున్న వీపు పూసలను సడలించినచో మెడ తేలికపడును. ఈ పనిలో ఒక్కసారిగా త్రిప్పుట, విరుచుట అవసరము లేదు. రోగి ఎప్పుడు వలదనిన అప్పుడు ఆపుటకు వీలుండునదే మంచి పద్ధతి.

ఈ చికిత్స ఎంత ఫలించునో నెదర్లాండ్సు దేశమున శాస్త్రజ్ఞులు పరీక్షించి 2002లో ప్రకటించిరి. కనీసము రెండు వారములుగా మెడనొప్పితో బాధపడుచున్న 183 మందిని మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టుకు చేతి చికిత్స, రెండవ జట్టుకు ముఖ్యముగా వ్యాయామములతో కూడిన ఫిజియోథెరపీ, మూడవ జట్టుకు సాధారణ వైద్యుని సలహా, మందులు ఇచ్చిరి. ఏడు వారములకు చేతి చికిత్స పొందినవారిలో నూటికి 68 మందికి, వ్యాయామ చికిత్సలో నూటికి 51 మందికి, వైద్యుని సలహాతో నూటికి 36 మందికి మంచి గుణము కనిపించినది. ఏడాది గడచునప్పటికి ఈ సంఖ్యలు 72, 63, 56 అయినవి. అనగా చేతి చికిత్స త్వరగా ఉపశమనము నిచ్చును. కాని కాలము గడచినకొలది మిగిలినవారును దానిని చాలవరకు అందుకొనిరి.

దీనిని రైతులకు తెలిసిన మాటలో చెప్పవలెనన్న, చేతి చికిత్స గట్టిపడిన రేగడిలో గుంటక తోలుట వంటిది. నేల గుల్లయగును. కాని గుంటక తోలినంత మాత్రమున పంట రాదు. విత్తవలెను, కలుపు తీయవలెను. మెడకు ఆ విత్తు వ్యాయామమే.

మెడ విరిపించుకొనుట – ఎందుకు కూడదు?

క్షవరము ముగియగానే తలను రెండు చేతులతో పట్టి, ఇటొకసారి, అటొకసారి చటుక్కున త్రిప్పి, టక్కుమని శబ్దము వచ్చునట్లు చేయుట మన ఊళ్లలో చాలకాలముగా ఉన్నదే. ఆ శబ్దము వినగానే హాయిగా ఉన్నట్లు తోచును. అది ఎముక స్థానమునకు వచ్చిన శబ్దము కాదు. కీలులోని ద్రవమునందు గాలి బుడగ ఏర్పడుట వలన వచ్చు శబ్దము మాత్రమే. ఆ హాయి కొంతసేపటికే పోవును.

ప్రమాదము ఎచ్చట గలదనగా, పూసల గుండా మెదడుకు పోవు రక్తనాళములు గలవని పైన చెప్పితిమి. మెడను చటుక్కున త్రిప్పినప్పుడు ఆ నాళపు లోపలి పొర చీలవచ్చును. చీలిన చోట రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోయి పక్షవాతము కలుగవచ్చును. మనకు దగ్గరనే యున్న బళ్లారిలో 2024లో ఒక యువకునికి క్షవరశాలలో తల మర్దన చేసి మెడ విరిచిన పిమ్మట పక్షవాతము వచ్చినట్లు పత్రికలలో వచ్చినది. ఇట్టివి అరుదు, అయినను ముప్పది యేండ్ల మనిషి మంచమున పడినచో ఆ కుటుంబమునకు అరుదనుట వలన ఊరట కలుగదు. క్షవరము చేయువారిపై కోపింప బని లేదు. అది వారికి చెప్పని పని. మనము వలదనిన చాలును.

మెడ త్రిప్పించుకొన్న తరువాత గాని, మరెప్పుడైన గాని తల తిరుగుట, మాట తడబడుట, మూతి వంకరపోవుట, ఒక చేయి పడిపోవుట జరిగినచో పడుకోబెట్టి తైలము రుద్దుచు కూర్చుండరాదు. తక్షణమే 108 బండిని పిలువవలెను. రక్తపు గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపల ఇచ్చినప్పుడే సాధారణముగా ఫలించును.

వ్యాయామ చికిత్స

“పగలెల్ల కష్టపడువారికి మరల వ్యాయామమెందుకు?” అని రైతు అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. పొలము పని శ్రమయే గాని మెడకు వ్యాయామము కాదు. ఆ పనిలో మెడ ఒక్క తీరున వంగి కదలకుండ ఉండును. పై కండరములు అలసిపోవును; తలను నిలుపు లోపలి కండరములు పని లేక బలహీనపడును. వ్యాయామము ఆ లోపలి కండరములకు బలము నిచ్చును.

ఫిన్లాండులో, కార్యాలయములందు పనిచేయు, తీరని మెడనొప్పి గల 180 మంది స్త్రీలపై ఏడాదిపాటు జరిపిన పరీక్ష 2003లో ప్రకటింపబడినది. రబ్బరు పట్టీతోను, చిన్న బరువులతోను మెడ, భుజములకు బలము పెంచు వ్యాయామము చేసినవారిలో నూటికి 73 మందికి, తేలిక వ్యాయామము పలుమార్లు చేసినవారిలో నూటికి 59 మందికి నొప్పి బాగుగా తగ్గినది. బలము పెంచు వ్యాయామము లేనివారిలో నూటికి 21 మందికి మాత్రమే తగ్గినది. వారు చాలవరకు చేసినది ఇంటివద్దనే. కనుక ఇది మన ఊళ్లలోను సాధ్యమే.

ఈ క్రింది అయిదును ఫిజియోథెరపిస్టు వద్ద ఒకసారి నేర్చుకొని ఇంట చేయవచ్చును.

1. గడ్డము లోపలికి లాగుట: గోడకు వీపు ఆనించి కూర్చుండుము. చూపు నేరుగా నిలిపి, తల పైకెత్తక, దించక, గడ్డమును మెల్లగా వెనుకకు లాగుము. అయిదు అంకెలు లెక్కించి వదలుము. పదిసార్లు.
2. మెడ త్రిప్పుట: మెల్లగా కుడికి, ఎడమకు, నొప్పి మొదలగు చోటు వరకే త్రిప్పుము. ప్రతి వైపు పదిసార్లు. గుండ్రముగా త్రిప్పరాదు.
3. చేతికి ఎదురొత్తుట: అరచేయి నుదుట పెట్టి, తలను కదలనీయక ఒకదాని నొకటి మెల్లగా ఒత్తుము. అయిదు అంకెలు. అట్లే కుడి, ఎడమ, వెనుక. ఒక్కొక్కటి అయిదుసార్లు.
4. ప్రక్క కండరము సాచుట: కుడి చేయి క్రింద పెట్టుకొని, తలను ఎడమ భుజము వైపు వంచి, ఇరువది అంకెలు నిలుపుము. అట్లే రెండవ వైపు. మూడేసిసార్లు.
5. రెక్కలు కూడదీయుట: పాత సైకిలు ట్యూబును నడిమికి వేపచెట్టుకో, స్తంభమునకో చుట్టి, రెండు కొసలు రెండు చేతుల పట్టి, మోచేతులు వెనుకకు పోవునట్లు లాగుము. రెండు రెక్కలు దగ్గరకు రావలెను. పదిసార్లు చొప్పున రెండు విడతలు. వారమునకు మూడు దినములు చాలును.

మొదటి నాలుగు దినమున కొకసారి చేయవలెను. పావుగంట పట్టును. మొదటి వారము కండరములు కొంచెము నొచ్చుట సహజము. నొప్పి చేతిలోనికి దిగినను, తిమ్మిరి హెచ్చినను ఆపి చెప్పవలెను. ఆరు నుండి పన్నెండు వారములు విడువక చేసిననే ఫలము తెలియును. శనగ విత్తిన మరుదినమే కాయ కోయలేము గదా!

పనిలో చేయదగిన మార్పులు

చికిత్స పొంది మరల పాత పద్ధతిలోనే పనిచేసినచో నొప్పి తిరిగి వచ్చును. కావున ఈ మార్పులు చేసికొనవలెను.

కలుపు తీయునప్పుడు, నాట్లు వేయునప్పుడు అరగంట కొకసారి నిలుచుండి, భుజములు వెనుకకు విరిచి, దూరముగా చూడవలెను. ఒక్క నిమిషము చాలును. కూలీలకు ఈ నిమిషము నిచ్చుటకు యజమాని వెనుదీయరాదు. సాళ్లలో వేసిన వరికి త్రిప్పుడు కలుపు యంత్రము, మెట్ట పైరులకు గుంటక వాడినచో వంగు పని చాలవరకు తగ్గును. ప్రత్తి సంచిని మెడకు వ్రేలాడదీయక నడుమునకు కట్టుకొనవలెను.

మందు యంత్రమును రెండు పట్టీలతో వీపుకు ఆనునట్లు మోయవలెను. మెడ బాధ గలవారు పది, పండ్రెండు లీటర్లు మాత్రమే నింపుకొనుట మంచిది. ఎరువు సంచులను తలపై మోయక ఇద్దరు పట్టుట గాని, తోపుడు బండిపై తీసికొనిపోవుట గాని చేయవలెను. గట్టు ఇరుకైనచో సంచిని రెండుగా చేసి మోయుట మేలు.

ట్రాక్టరుకు వెనుక అద్దము అమర్చుకొనవలెను. వెనుకకు చూడవలసినప్పుడు మెడ ఒక్కటియే గాక నడుము నుండి తిరుగవలెను. శిల్పులు రాతిని దిమ్మపై ఎత్తుగా నిలిపి, చెక్కు భాగము రొమ్ము ఎత్తున ఉండునట్లు చూచుకొన్నచో వంగుట తగ్గును.

పడుకొనునప్పుడు ఒక్క దిండు చాలును. బోర్ల పడుకొనరాదు. ఫోనును కంటి ఎత్తునకు తెచ్చుకొనవలెను. కంటిని ఫోను వద్దకు దించరాదు.

రైతులు తరచుగా అడుగు ప్రశ్నలు

మెడ పట్టీ కట్టుకొనవచ్చునా? దెబ్బ తగిలినప్పుడు వైద్యుడు చెప్పినచో కట్టుకొనవలెను. నెలల తరబడి కట్టినచో కండరములు ఇంకను బలహీనపడును.

ఎక్సురేలో ఎముక అరిగినదని చెప్పిరి; ఇక తగ్గదా? నలుబది యేండ్లు దాటిన చాలమందికి, ఏ నొప్పి లేనివారికి సైతము, ఎక్సురేలో అరుగుదల కనిపించును. అది తల వెండ్రుక నెరసినట్టిది. అరుగుదల ఉన్నను నొప్పి తగ్గవచ్చును.

నొప్పి బిళ్లలు వాడవచ్చునా? వైద్యుడు చెప్పిన కొలది దినములు వాడవచ్చును. నెలల తరబడి తామే కొని మ్రింగినచో కడుపులో పుండు పడును, మూత్రపిండములు చెడును. పేరు తెలియని సూదులు వేయించుకొనుట ఇంకను హానికరము.

ఇసుక మూటతో గాని, వావిలాకుతో గాని కాపడము పెట్టవచ్చునా? పెట్టవచ్చును. బిగువు సడలి వ్యాయామమునకు వీలగును. చర్మము కాలకుండ చూచుకొనవలెను. మధుమేహము గలవారికి వేడి తెలియకపోవచ్చును గనుక వారు మరింత జాగ్రత్త వహింపవలెను. కరెంటు యంత్రములతో చేయు చికిత్సయు ఇట్టిదే. అది తోడు మాత్రమే. అదియే చికిత్స కాదు.

ఎవరి వద్దకు పోవలెను?

ఆళ్లగడ్డ వారు మొదట అచ్చటి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుని చూడవచ్చును. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. దానికి చేరిన ఆసుపత్రిలో ఎముకల వైద్యునికి చూపించుకొని, ఫిజియోథెరపీ అవసరమగునా యని అడుగవలెను. ప్రయివేటుగా చూపించుకొనువారు చికిత్స చేయువారికి బి.పి.టి. పట్టము గలదేమో విచారింపవలెను. “ఒక్క దెబ్బతో తగ్గింతు” ననువానిని నమ్మరాదు. నాలుగైదు పర్యాయములు చేతి చికిత్స చేసి, ప్రతి పర్యాయము మీచేత వ్యాయామము చేయించి, “ఇక ఇంట చేసికొనుము, నా వద్దకు రానక్కరలేదు” అని పంపువాడే మంచి చికిత్సకుడు.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి

ప్రమాద చిహ్నములున్నచో ముందు వైద్యుడు. మెడ విరిపించుకొనుట ఎన్నటికిని వలదు. చేతి చికిత్స దారి తెరచును. వ్యాయామము ఆ దారిన నడిపించును. పని పద్ధతి మార్చుకొనుట నొప్పిని తిరిగి రాకుండ కాపాడును. ఇంటిలో నాట్లకు, కలుపులకు పోవు స్త్రీలకు ఈ పాఠమును చదివి వినిపింపుడు. వారి మెడ బాధ ఇంటివారి చెవిని పడుట అరుదు. రేపటి నుండియే పావుగంట వ్యాయామము మొదలుపెట్టి, పన్నెండు వారములు విడువక చేసి ఫలితమును మీరే చూడుడు.